రాజేశం కాకను వెనక్కి నడిపించిన సంగీతం

చర్చిలో పెళ్ళికూతురు ముందుకు నడుస్తుందని లోకమంతటికీ తెలుసు. వెనక్కి నడిచిన పెళ్ళికూతురు మాత్రం ఒక్కతే ఉంది. ఆమెను నడిపించింది నేను. అదీ చేతులతో కాదు, కాళ్ళతో. అదీ ఆమెకు వీపు పెట్టి కూర్చుని. నవ్వుకోండి, ఏమీ అనుకోను. గోదావరిఖనిలో నవ్వాల్సినవాళ్ళంతా నవ్వేశారు, మందమర్రిలో ఇంకా నవ్వుతున్నారట. మీ వంతు ఒక్కటే మిగిలింది.

నేను గనిలో కరెంటు పనులు చూసే షిఫ్టు ఇంజనీరును. మా నాన్న కోస్తా నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చాడు, నేను ఇక్కడి క్వార్టర్లలోనే పెరిగాను. షిఫ్టు ఇంజనీరు అంటే ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి డ్యూటీ. నిద్ర నాకు దూరపు చుట్టం లాంటిది, ఎప్పుడో ఒకసారి వస్తుంది, వచ్చినా ఎక్కువసేపు కూర్చోదు. అలాంటివాడు ఇంటికొచ్చి పడుకోవాలి. నేను ఆర్గాన్ వాయించడం నేర్చుకోవాలనుకున్నాను.

తప్పు నాది కాదు, ఫ్యూజుది. మా కాలనీ చర్చికి హైదరాబాదు నుంచి ఎవరో ఒక పాత ఎలక్ట్రానిక్ ఆర్గాన్ ఇచ్చారు. పైన చేతులతో నొక్కే రెండు వరుసల మెట్లు, కింద కాళ్ళతో తొక్కే చెక్క మెట్లు. వచ్చిన రోజు నుంచి అది మూగగా ఉంది. పాస్టరు గారు నన్ను పిలిపించారు. మూత విప్పాను, ఫ్యూజు మార్చాను, రెండు తీగలు అతికించాను, ఎలుక పెట్టుకున్న కాపురం ఖాళీ చేయించాను. స్విచ్ వేసి కాలితో ఒక మెట్టు తొక్కితే కిటికీ అద్దాలు వణికాయి. కాలేజీలో కీబోర్డు వాయించి ఒక కప్పు గెలుచుకున్న గర్వం నిద్ర లేచింది.

పాస్టరు గారు సంతోషంగా, "బాబూ, ఖాళీ ఉన్నప్పుడు వచ్చి వాయించుకోండి" అన్నారు. మర్యాదకు అన్నారు. నేను తాళంచెవి అడిగాను.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఆ వెసులుబాటు కూడా నాకు లేదు చూడండి, మద్దెలను బాగుచేసింది నేనే.

సరే, ఏం వాయించాలి? తెలివైనవాడైతే చర్చి పాట ఒకటి నేర్చుకుంటాడు. నేను ఫోనులో వెతికి, మూడు వందల ఏళ్ళ కిందటి జర్మన్ పెద్దాయన రాసిన ఫ్యూగు పట్టుకున్నాను. ఫ్యూగు అంటే ఏమిటో మన చాయ్ హోటల్ భాషలో చెబుతాను. బెంచీ మీద ఒకాయన క్వార్టర్ కారుతోందని కథ మొదలుపెడతాడు. ఆయన సగంలో ఉండగానే రెండో ఆయన అదే కథ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. మొదటాయన ఆపడు. మూడో ఆయన వస్తాడు, గొంతు లావు, ఆయనా అదే కథ. ఎవరూ ఆగరు, ఎవరూ వినరు, అయినా చివరికి అందరూ ఒకేసారి చాయ్ తాగి లేస్తారు. అదే ఫ్యూగు. మొదటి గొంతు కుడిచేతిది, రెండోది ఎడమచేతిది, లావు గొంతు కాళ్ళది.

ఈ పనికి నేనొక ప్లాను వేశాను. ఇంజనీరు చావుకు ముందు కూడా ఒక ప్లాను వేస్తాడు. ఫస్ట్ షిఫ్టు వారంలో సాయంత్రాలు కుడిచేయి. సెకండ్ షిఫ్టు వారంలో పొద్దున ఎడమచేయి. నైట్ షిఫ్టు వారంలో, పగలంతా కళ్ళు మూతలు పడుతుంటాయి కాబట్టి, కాళ్ళు. కాళ్ళకు నిద్రమత్తు తెలియదని నా సిద్ధాంతం. అలా మూడు అవయవాలను మూడు షిఫ్టుల్లో వేశాను. మూడూ బాగా పనిచేశాయి. కాకపోతే ఒకదాని ముఖం ఒకటి ఎప్పుడూ చూసుకోలేదు. బ్యాచిలర్ల క్వార్టరులో ఒకే మంచం పంచుకునే ముగ్గురు షిఫ్టు మనుషుల్లాగా, ఒకడు లేచాక ఇంకొకడు పడుకోవడమే. మంచం ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది, ముగ్గురికీ పరిచయం మాత్రం ఉండదు.

చర్చిలో చాలా ఏళ్ళుగా హార్మోనియం వాయించే ఎస్తేరు అక్క ఇదంతా చూస్తూ ఉండేది. ఆర్గాన్ వచ్చాక ఆమె హార్మోనియాన్ని మూలకు జరిపి మీద దుప్పటి కప్పారు. ఆ పని కూడా నేనే చేశాను.

"తమ్మీ, గా మూడు కలిపి ఒక్కసారన్న కొట్టినవా?"

"అక్కా, ముందు ఒక్కొక్కటి పర్ఫెక్టుగా రావాలి. కలపడం చివరి రోజు పని."

"చివరి రోజు అంటే ఏ రోజు?"

"ప్లానులో ఉందక్కా."

"మంచిగ కలుపు. కలిపినంక చెప్పు, దుప్పటి తీస్త" అని వెళ్ళిపోయింది.

ఇక్కడ రాజేశం కాక వస్తాడు. కుంటుతూ వస్తాడు. మా పక్క క్వార్టరు. గనిలో ఉద్యోగమంతా హాలేజి ఇంజను నడిపి రిటైరైనవాడు. హాలేజి అంటే బొగ్గు టబ్బులను ఇనుపతాడుతో గనిలోకి దించి, పైకి లాగే ఇంజను. దాన్ని నడిపేవాడికి కింద ఉన్న మనుషులు కనపడరు, గంట ఒక్కటే వినపడుతుంది. గంట ఒక్కటి కొడితే ఆపాలి. రెండు కొడితే కిందికి వదలాలి. మూడు కొడితే పైకి లాగాలి. కొట్టకపోతే కదలకూడదు, ఎవరు చెప్పినా సరే. కాక ఆ గంటల ప్రకారమే ఆ ఉద్యోగం చేశాడు. ఆయన చేతిలో ఒక్క మనిషికీ దెబ్బ తగల్లేదని అందరూ చెప్పుకుంటారు.

ఆ కాకకు మోకాలి ఆపరేషన్ అయింది. కూతురు రూతు పెళ్ళి దగ్గర పడింది. పెళ్ళికొడుకుది మందమర్రి. చర్చి గుమ్మం నుంచి ముందున్న వేదిక దాకా కూతుర్ని తండ్రే నడిపించుకుని పోవాలి. కర్ర లేకుండా పోవాలని కాక పట్టు.

"కర్ర పట్టుకుంటే ఏమైతది?" అంటుంది భార్య మరియమ్మ చిన్నమ్మ.

"ఒక చెయ్యి కర్రకు, ఒక చెయ్యి బిడ్డకు ఇయ్యాల్నా? మందమర్రోళ్ళు చూసి, పిల్లను ముసలోడు తెచ్చిండా, పిల్లే ముసలోన్ని తెచ్చిందా అంటరు."

కర్ర వదిలితే కాక నడక చూడలేం. మూడడుగులు గబగబా వేస్తాడు, నాలుగోది గాల్లో వెతుక్కుంటుంది. "మెల్లగ, ఒక్క తీరుగ నడువు" అని దవాఖానలో చెప్పి పంపారు. ఇంట్లో ప్రయత్నిస్తే కుదరలేదు. ఒకరోజు అరుగు మీద కూర్చుని మోకాలు నిమురుకుంటూ అన్నాడు.

"నా కాలు నా మాట ఇంటలేదు బిడ్డా. ఇన్నేండ్లు గంట మాటే ఇన్నది కదా, దానికి గదే అలవాటు."

పాఠకులారా, అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. నాకు వెంటనే ఒక ఐడియా వచ్చింది. నాకు ఐడియా వస్తే పక్కన ఉన్నవాళ్ళు లేచి నిలబడాలి.

"కాకా, నేను కాళ్ళతో లావు స్వరం వాయిస్తాను. ఒక్కొక్కటి మోగినప్పుడల్లా ఒక్కొక్క అడుగు వెయ్యి. గంట అనుకో."

"మా లెక్కల ఒక్కటంటే ఆగుడు కదరా."

"ఇది కొత్త లెక్క కాకా. ఒక్కటి మోగితే ఒక్క అడుగు. మోగకపోతే ఆగు."

"మోగకపోతే ఆగుడు." కాక తల ఊపాడు. "గది మాత్రం పాత లెక్కనే. మంచిగుంది."

రిహార్సల్ పెట్టుకున్నాం. అది నైట్ షిఫ్టు వారం, అంటే కాళ్ళ వంతు. బొం... బొం... బొం... అని తొక్కుతుంటే కాక కర్ర లేకుండా, ఒక్క తీరుగా, రైలు బండి స్టేషన్లోకి వచ్చినట్టు వచ్చాడు. చివరిదాకా వచ్చాక వెనక్కి తిరిగి చిన్నమ్మను చూసి మీసం దువ్వాడు. చిన్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నువ్వు మా ఇంట్ల మనిషివి నాయనా" అంది. రూతు నవ్వి, "అన్నా, పెళ్ళిరోజు గూడ గిట్లనే మోగుతది కదా? బాపు మస్తు ఆశ పెట్టుకున్నడు" అంది.

"దీనికి గ్యారంటీ నాది" అన్నాను. వింటున్నారా?

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఫ్యూగులో కాళ్ళు అస్తమానం మోగుతూనే ఉండవు. లావు గొంతాయన తన కథ చెప్పి చాలాసేపు ఊరుకుంటాడు, చేతులు మాట్లాడుకుంటాయి, మళ్ళీ ఆయన వస్తాడు. కాగితం మీద ఆ మౌనం గీతలు గీతలుగా రాసి ఉంటుంది. కాళ్ళ వారంలో నేను ఆ ఖాళీలను ఎత్తేశాను. పని లేని సమయం వృథా కదా అని! గనిలో మీటర్ల బోర్డు మీద యంత్రం ఖాళీగా తిరుగుతోందని చూపిస్తే మా సారు ఊరుకోడు, నేనూ నా కాళ్ళను ఊరుకోనివ్వలేదు. ఖాళీలు తీసేసి స్వరాలన్నీ కలిపి కుట్టేసి, అదే వాయించాను. కాక నేర్చుకున్నది ఆ ఖాళీలు లేని ఫ్యూగే. ఆ మౌనం సంగతి ఆయనకు నేను చెప్పలేదు. చెప్పడానికి నాకే గుర్తు లేదు.

పెళ్ళిరోజు వచ్చింది. చర్చి నిండిపోయింది. ఎడమవైపు మన వాళ్ళు, కుడివైపు మందమర్రి వాళ్ళు, ముందు వేదిక దగ్గర పెళ్ళికొడుకు కోటులో చెమటలు కక్కుతున్నాడు. నేను మేజోళ్ళతో ఆర్గాన్ ముందు కూర్చున్నాను. వెనక ఏం జరుగుతోందో చూడటానికి నా బైకు అద్దం ఊడదీసి ఆర్గానుకు బిగించాను. అదొక్కటే ఆ రోజు సరిగ్గా పనిచేసిన ఏర్పాటు. పనిచేయకపోయినా బాగుండేది.

కుడిచేయి మొదలుపెట్టింది. చక్కగా వచ్చింది, ఒంటరిగా రావడం దానికి అలవాటే. ఎడమచేయి వచ్చి చేరింది. అప్పుడు మొదటిసారి ఆ రెండూ ఒకదాన్ని ఒకటి చూసుకుని కొంచెం ఉలిక్కిపడ్డాయి. అయినా సర్దుకున్నాయి. తర్వాత కాళ్ళు. బొం...

అద్దంలో రాజేశం కాక మొదటి అడుగు వేశాడు. కర్ర లేదు. తెల్లచీరలో రూతు చెయ్యి ఆయన చేతిలో ఉంది. గుమ్మం బయట చిన్నమ్మ కర్ర పట్టుకుని నిలబడింది, ఎందుకైనా మంచిదని. కెమెరా అబ్బాయి వాళ్ళ ముందు వెనక్కి నడుస్తూ తీస్తున్నాడు. బొం. అడుగు. బొం. అడుగు. మందమర్రి వైపు నుంచి ఒకావిడ, "తండ్రి ఎంత దర్జాగ వస్తున్నడో సూడు" అనడం నాకు వినపడింది. గర్వంతో నా వీపు రెండంగుళాలు పెరిగింది.

అప్పుడు కాగితం మీద మౌనం వచ్చింది.

నా కాళ్ళు ఆగాయి. చేతులు మాట్లాడుకుంటున్నాయి. అద్దంలో కాక నడిమధ్యన ఆగిపోయాడు. ఎడమకాలి మడమ కొంచెం పైకి లేచి, కొంగ నిలబడ్డట్టు నిలబడిపోయాడు.

"బాపు, నడు" అంది రూతు, పెదాలు కదపకుండా.

"మోగలె."

"పాట మోగుతుంది కదా బాపు."

"అది పై పాట. మనది కింది పాట. అది మోగలె."

వెనక బెంచీలోంచి ఎవరో, "ఏంది రాజేశం, నడువవయ్యా!" అన్నారు.

"సిగ్నల్ రాలె" అన్నాడు కాక, తల తిప్పకుండా. ఆ మాటకు మన వైపు వాళ్ళు సగం మంది గౌరవంగా తల ఊపారు, వాళ్ళంతా గని మనుషులే. కుడివైపు మాత్రం గుసగుసలు మొదలయ్యాయి.

నాకు చెమట పట్టింది. కాక ఆపరేషన్ కాలు వణకడం అద్దంలో స్పష్టంగా కనపడుతోంది. ఈ మౌనం ఎంతసేపు ఉంటుందో నాకు తెలియదు, ఎందుకంటే నేను దాన్ని ఎప్పుడూ వాయించలేదు! పెద్దాయన రాయకపోతే మానె, మనమే ఒక స్వరం వేద్దామని కాలు చాపాను. ఆర్గానులో కాలు పెట్టాక రోకటిపోటుకు జంకితే ఎలా?

కాలు కదలగానే ఎడమచేయి దాని వెంట వెళ్ళింది. ఎడమచేయి పోయిందని కుడిచేయి ఆగి చూసింది. ముగ్గురు షిఫ్టు మనుషులూ ఒకేసారి డ్యూటీ దిగి, ఒకే మంచం మీద పడ్డారు. ఆ తోపులాటలో మేజోడు వేసిన నా కాలు జారి రెండు మెట్ల మీద టకటకా పడింది.

బొం-బొం.

తర్వాత నిశ్శబ్దం.

రెండు. గనిలో ఆ చప్పుడుకు అర్థం ఒక్కటే. కొత్త లెక్క కాక మనసులోంచి ఎగిరిపోయింది, పాత లెక్క కాళ్ళలోకి దిగింది. ఆయన సైనికుడిలా వెనక్కి తిరిగాడు. రూతును కూడా తిప్పాడు. ఇద్దరూ గుమ్మం వైపు నడవడం మొదలుపెట్టారు.

చర్చి మొత్తం హా అంది. పెళ్ళికొడుకు తల్లి లేచి నిలబడింది. "అయ్యో, పిల్లను వాపసు తీస్కపోతున్నడా ఏంది!"

వెనక్కి నడుస్తున్న కెమెరా అబ్బాయి ఇప్పుడు ముందుకు పరుగెత్తి వాళ్ళను దాటి, మళ్ళీ ఎదురుగా నిలబడి, "కాకా, రివర్సు గూడ తియ్యాల్నా?" అని అడిగాడు.

నాకు ఒక మెరుపు మెరిసింది. కాక పాత లెక్కలోకి వెళ్ళాడు కదా, ఒక్కటి కొడితే ఆగుతాడు! కొట్టాను. ఆగాడు. భలే. ఇక మూడు కొడితే ముందుకు వస్తాడు. మూడు, అంతే కదా? చదువుకున్నవాణ్ణి, మూడు లెక్కపెట్టలేనా? కాలు ఎత్తాను. ఒకటి. రెండు. మూడోదానికి మెట్టు దొరకలేదు, బెంచీ కోడు దొరికింది. నా చిటికెన వేలికి తగిలింది.

బొం-బొం. అబ్బా!

కాక మళ్ళీ నడిచాడు, గుమ్మం దాకా.

పాస్టరు గారు నా భుజం మీద చెయ్యి వేశారు. ఎంతో శాంతంగా, "బాబూ, చాలు. ప్రభువు విన్నాడు" అన్నారు.

చేతులు తీసేశాను. ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. తిరిగి చూశాను, ఇక అద్దం అక్కర్లేదు. గుమ్మం దగ్గర కాక నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో దర్జా లేదు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియని ముఖం అది. మోకాలు బాగా వణుకుతోంది. గుమ్మం అవతల నుంచి చిన్నమ్మ మెల్లగా కర్ర చాపింది.

"తీస్కో. ఎవ్వరేమనరు."

కాక కర్ర వైపు చూశాడు. కూతురి చెయ్యి వదిలాడు. ఆ వదలడం చూసి నాకు నవ్వు రాలేదు, ఇప్పుడు రాస్తున్నా రావడం లేదు. ఈ ఒక్క వాక్యం దగ్గర మీరూ నవ్వకండి, తర్వాత నవ్వుదురు గానీ.

ఆయన చెయ్యి కర్రను అందుకోబోతుండగా రూతు పక్క బెంచీ మీద వేలి కణుపులతో కొట్టింది.

టక్ టక్ టక్.

"మూడు, బాపు" అంది.

కాక చెయ్యి ఆగిపోయింది. నడుము నిటారైంది. బిడ్డ చెయ్యి మళ్ళీ పట్టుకున్నాడు. తిరిగాడు, నడిచాడు. తర్వాతి బెంచీ దగ్గర రూతు మళ్ళీ మూడు కొట్టింది. ఆ తర్వాతి బెంచీలో ఆమె కొట్టాల్సిన పని లేకపోయింది, అక్కడ కూర్చున్న, గనిలో టబ్బులు తోసిన పాత ట్రామరు ఒకాయన కొట్టాడు. తర్వాత ఇంకొకాయన. తర్వాత మన వైపంతా. టక్ టక్ టక్, టక్ టక్ టక్. మందమర్రి కూడా గనుల ఊరే కదా, విషయం అర్థమై కుడివైపు వాళ్ళు కూడా అందుకున్నారు. ఎక్కడో దుప్పటి లాగిన చప్పుడు వినిపించింది. ఎస్తేరు అక్క హార్మోనియం ఆ మూడు దెబ్బల మీద ఎప్పటి పాత పాటనో ఎత్తుకుంది. రాజేశం కాక కర్ర లేకుండా, లోడు టబ్బులను పైకి తెచ్చినంత నిబ్బరంగా, బిడ్డను వేదిక దగ్గరికి చేర్చాడు.

ఆ రోజు చర్చిలో తాళం తప్పకుండా వాయించింది బెంచీలు. ఆర్గాన్ కాదు.

భోజనాల దగ్గర తల దించుకుని కాక దగ్గరికి వెళ్ళాను. ఆయన మటన్ ముక్క కొరుకుతూ నన్నే ఓదార్చాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నువ్వు రెండు కొట్టినవ్, నేను కిందికి వదిలిన. ఒక్కటి కొట్టినవ్, ఆపిన. మళ్ళ రెండు కొట్టినవ్, మళ్ళ వదిలిన. నా దిక్కు నుంచి తప్పు లేదు కదా?"

"లేదు కాకా."

"గంతే. ఎవ్వరికి దెబ్బ తగలలె."

నా చిటికెన వేలు సంగతి ఎత్తలేదు.

అప్పటి నుంచి నా బతుకు ఇలా ఉంది. క్యాంటీనులో చాయ్ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్తుంటే ఎవడో ఒకడు బల్ల మీద రెండు కొడతాడు. నేను వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలి, లేకపోతే నవ్వు ఆపరు. బసంత్‌నగర్ నుంచి ఫోను చేసిన మా మేనత్త హలో అనకుండా రెండుసార్లు ఫోను మీద కొట్టింది. పెళ్ళి వీడియో ఆవిడ దాకా చేరింది. దాన్ని వేగం తగ్గించి, వెనక్కి తిప్పి చూస్తే అందులో పెళ్ళికూతురు వేదిక వైపే వస్తోందట, కాకపోతే వీపు ముందు పెట్టుకుని. ఎవరో అంత ఓపికగా కనిపెట్టారు. హార్మోనియం తన చోటికి వచ్చింది. ఆర్గాన్ మీద దుప్పటి నేనే కప్పాను, మడతలు లేకుండా.

నిన్న రాజేశం కాక కనపడ్డాడు. రూతు కానుపు ఈ నెలలోనేనట, ముఖం వెలిగిపోతోంది. కర్ర ఉంది కానీ చంకలో ఉంది.

"బిడ్డా, మనుమడో మనుమరాలో వస్తది. చర్చిల పేరు పెట్టే రోజు నువ్వు గా జర్మనోని పాట వాయించాలె. గా దినం సగంలనే ఆగింది కదా, ఆఖరుకు ఏమైతదో ఇనాలని ఉంది."

అలసిపోయిన మనిషి ప్రతిజ్ఞ చేస్తే అది గట్టిగా ఉంటుంది, దాన్ని తప్పడానికి కూడా ఓపిక ఉండదు కాబట్టి. అందుకని ఫస్ట్ షిఫ్టు కుడిచేయి సాక్షిగా, సెకండ్ షిఫ్టు ఎడమచేయి సాక్షిగా, నైట్ షిఫ్టు పాదాలు, వాటిలో ఆ రోజు దెబ్బ తిన్న చిటికెన వేలు సాక్షిగా చెబుతున్నాను. నడిచే మనిషి ఒక్కడున్నా, పాకే పసిపాప ఒక్కటున్నా, ఆ గదిలో నేను ఆర్గాన్ ముట్టను. ముట్టవలసి వస్తే మూడు అవయవాలనూ ముందుగా కూర్చోబెట్టి ఒకదానికొకటి పరిచయం చేస్తాను, పెద్దాయన రాసిన మౌనాలన్నీ అక్షరం పొల్లు పోకుండా వాయిస్తాను.

ఈ మాటే కాకతో కొంచెం కుదించి చెప్పాను. "వద్దు కాకా. ఇక వాయించను."

ఆయన నా వైపు జాలిగా చూసి, చంకలోని కర్ర తీసి మా గేటు మీద కొట్టాడు.

టక్ టక్ టక్.

ఏం చేయమంటారు చెప్పండి? గనిలో పనిచేసే మనిషిని. చెప్పులు వేసుకుని చర్చి తాళంచెవి కోసం బయలుదేరాను.